పెన్నలో సాళ్ల పొర

మా సీమలో దీవి అన్న మాట బడి పుస్తకాల్లో చదువుకోవడమే గాని వాడుకలో లేదు. చుట్టూ నీళ్లుంటే గదా దీవి. పెన్నలో ఏడాదికి పది పదిహేను రోజులు నీళ్లు పారితే మంచి ఏడు కింద లెక్క. తక్కిన రోజులన్నీ ఇసుకే. ఆ ఇసుక నడుమ, పెన్న గండికోట కొండల్లో దూరడానికి కొంచెం ఎగువన, ఒక ఊరికి ఎదురుగా రాతితిప్ప ఒకటి ఉండేది. ఊరివాళ్లకు అది ఉత్త తిప్ప. పొద్దున మేకలు ఇసుకలో నడిచిపోయి దాని మీదికెక్కి, సాయంత్రం దిగివచ్చేవి. దాన్ని దీవి అని నా ఎదుట మొదట అన్నవాడు రాళ్ల సర్వేకు వచ్చిన ఒక ఉద్యోగి. ఆయన ఆ మాట అన్న రోజున దాని చుట్టూ ఎంత దూరం చూసినా చుక్క నీరు లేదు.

అవి యాభైల మొదటి సంవత్సరాలు. వరసగా మూడేళ్లు వానల్లేవు. నేను మద్రాసులో అచ్చయ్యే ఒక దినపత్రికకు కడప నుంచి వార్తలు రాసేవాణ్ణి. ఆ రోజుల్లో నేను పంపినవన్నీ ఒకే రకం వార్తలు. ఎక్కడ గంజి కేంద్రం తెరిచారు, ఎక్కడ బావి అడుగంటింది, ఏ ఊళ్లో కరువు పని మొదలైంది. ఆ ఊరికి పోయిందీ అందుకే. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా బాట వేయించడం అక్కడి కరువు పని. బాటకు కంకర కావాలి. దగ్గర్లో ఉన్న గట్టి రాయి తిప్పలోదే.

నేను పోయేసరికి తిప్ప మీద నూరు మంది దాకా ఉన్నారు. సమ్మెట దెబ్బలు ఊళ్లోకి వినబడుతున్నాయి. ఇసుకలో నడిచి దగ్గరికి పోయేదాకా నాకు ఆ తిప్ప ఎట్లాంటిదో తెలియలేదు. ఊరివైపు అంచు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. ఆ కోతలో పొరలు కనబడుతున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి ఇటుక రంగు, ఒకటి నేరేడు పండు నలుపు, మళ్లీ తెలుపు. పాత పత్రికల కట్ట ఒక మూల దిగబడితే ఎట్లుంటుందో అట్ల ఆ పొరలన్నీ దిగువకు వాలి ఉన్నాయి. ఎగువన తిప్ప ముక్కు రెండు నిలువుల ఎత్తు. దిగువన తోక ఇసుకలో కలిసిపోయింది. పొరలు కూడా ముక్కు దగ్గర మొదలై, జారుతూ జారుతూ వచ్చి, తోక దగ్గర ఒకదాని తర్వాత ఒకటి ఇసుకలోకి దిగిపోతున్నాయి.

వాటిలో నేరేడు రంగు పొర జానెడు మందం కూడా లేదు. తిప్ప ఎగువ సగంలో దాని మీద ఇంకేమీ లేవు గనుక అదే నేల. దాని మీద నడిస్తే అరికాళ్లకు మెట్టుమెట్టుగా తగులుతుంది. మడకతో సాళ్లు తోలినట్టు, కాకపోతే రెండు వేళ్ల ఎడంలో, చిన్నచిన్న గాడులు, గట్లు. ఒక గట్టు రెండుగా చీలి, కొంత దూరం పోయి మళ్లీ కలుస్తుంది. ఊరివాళ్లు దాన్ని సాళ్ల పొర అంటారు. దేవుళ్లు దున్నినారని కొందరు, దున్ని విత్తనం మరిచిపోయినారని కొందరు చెప్పారు.

ఆ పొర కోసం బాట పని ఓవర్సీయరుతో వాదిస్తున్న ఒక ముసలాయన అక్కడ కనబడ్డాడు. ఆయన ఆ ఊరి నీరుగంటి. చెరువు తూము తెరిచి మూసి, కయ్యకింతని నీళ్లు పంచే పని ఆయనది, ఆయన తండ్రిది, తాతది. చెరువు ఎండిపోయి మూడేళ్లయింది గనుక పంచడానికేమీ లేదు. కాని ఆయనకు ఇంకో పని ఉంది. ఏరు వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని తిప్పను చూడడం.

అదేమిటో ఆయన నాకు చూపించాడు. ఏటి గట్టు కింద దిగువ వీధి ఉంది. ముప్పై ఇళ్ల దాకా ఉంటాయి, అన్నీ మట్టి గోడలు, మట్టి మిద్దెలు. నీళ్లు మోకాటి లోతు నిలిస్తే చాలు, గోడ అడుగు నాని మిద్దె కూలుతుంది. ఏరు పెరుగుతున్నప్పుడు ఎప్పుడు లేవాలో ఆ వీధికి చెప్పేది సాళ్ల పొర. తెల్లరాతి మీద ఆ నల్లగీత గట్టు మీదికి బాగా కనబడుతుంది. పొర ఏటవాలుగా ఉంది గనుక నీళ్లు పైకి లేచే కొద్దీ నీటి అంచు ఆ గీత వెంబడి తోక నుంచి ముక్కు వైపుకు నడుస్తుంది. నీళ్లు జానెడు పెరిగితే గీత మీద మూడు మూరలు నడుస్తాయి. తోక నుంచి గీతకు ముక్కాలు వంతు దూరంలో అంచున గుర్రపు గిట్టంత గుంట ఒకటి ఉంది. ఆకాశానికి ఎదురుగా చిన్న నొక్కులాగా కనబడుతుంది. నీళ్లు ఆ గిట్ట దాకా నడిచాయంటే ఇంకో గడియలో దిగువ వీధిలోకి వస్తాయి. గిట్ట తడిసేలోగా వీధిలో మనిషి గాని గొడ్డు గాని ఉండకూడదు. అది చూసి కేక వేయవలసినవాడు నీరుగంటి.

"మా నాయన ఒక్కసారి ఆలిస్యం చేసినాడు సామీ. గిట్ట తడిసినంక అరిసినాడు. మా చెల్లెలు పాయ" అన్నాడు. అంతకంటే ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఓవర్సీయరు చెడ్డవాడు కాదు. ఆయనకు కావలసింది సాళ్ల పొర కింద ఉన్న మందమైన తెల్లరాయి. దానికోసం పైనున్న పొర లేపక తప్పదు. చివరికి ఊరివైపు అంచున రెండు మూరల వెడల్పు పట్టీ ముట్టకుండా వదిలేటట్టు, లోపలి భాగం మాత్రమే కొట్టుకునేటట్టు ఒప్పందం అయింది. బండలు కొట్టడంలో పనివాడైన ఒక సాయిబు తిప్ప ముక్కు నుంచి తోక దాకా సున్నంతో గీత గీశాడు. ఆయన ఇనుప గడారి మొన పొర సందులో పెట్టి, చెవి వంచి, చిన్న దెబ్బ వేస్తే బండ పుస్తకంలో కాగితంలాగా లేచేది. నీరుగంటిని ఆయన మామా అని పిలిచేవాడు. "ఈ గీత నా గడారి దాటదులే మామా" అన్నాడు.

రాళ్ల సర్వే ఉద్యోగి వచ్చింది ఆ వారంలోనే. ఖాకీ నిక్కరు, భుజాన సంచి, చేతిలో చిన్న సుత్తి. ఊరివాళ్లు ఆయనకు రాళ్లాయన అని పేరు పెట్టారు. కొండలకు పోయేవాడు సమ్మెట చప్పుడు విని తిప్ప మీదికొచ్చాడు. వచ్చి, సాళ్ల పొర చూసి, బోర్లా పడుకుని దాని మీద చెంప ఆనించాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని ఇద్దరు నీళ్లు తెచ్చారు.

ఆయన లేచి అందరినీ తిప్ప కిందికి రమ్మన్నాడు. తోక దగ్గర, గాలి తగలని మూలలో, ఎప్పటివో ఆఖరు నీళ్లు వదిలిపోయిన ఒండ్రు ఎండి గట్టిపడి ఉంది. దాని మీదా సాళ్లున్నాయి. అదే ఎడం, అవే చీలికలు. ఇవి ఎవరు దున్నారని అడిగాడు. నీళ్లు, అన్నారందరూ. పైన ఉన్నవీ నీళ్లు దున్నినవేనని, కాకపోతే పెన్నవి కావని, పెన్న పుట్టక చాలా ముందు ఇక్కడ సముద్రం ఉండేదని, తిప్ప ఆ సముద్రపు ఒడ్డు అని చెప్పాడు. ఎన్నేళ్లని సాయిబు అడిగాడు. కోట్ల ఏళ్లు, ఎన్ని కోట్లో తాను చెప్పలేనన్నాడు. ఈ రాయిలో గవ్వ లేదు, చేప ముల్లు లేదు, ఆకు లేదు, ఎందుకంటే అప్పటికి అవేవీ పుట్టలేదు అన్నాడు.

"ఈ అలలు కొట్టినప్పుడు చూడ్డానికి కన్నున్న ప్రాణి ఒక్కటి కూడా లేదు తాతా."

నీరుగంటి, "ఎవురూ సూడని పని సామీ, ఇంత పొందిగ్గా చేసిందెందుకు?" అన్నాడు.

రాళ్లాయన ఇంకొకటి చూపించాడు. లోపలి భాగంలో సాయిబు లేపిన ఒక పలుచటి బండ అడుగున బయటపడిన పొర మీద మశూచికం మచ్చల్లాగా చిన్నచిన్న గుంటలున్నాయి. ఒక్కో గుంటకు ఒక వైపు అంచు కొంచెం ఎత్తు. ఇది వాన అన్నాడాయన. తడి బురద మీద ఒక పూట చినుకులు పడ్డాయి, గాలి పడమటి నుంచి కొట్టింది, వెంటనే ఎండ కాసింది, అంతే, మళ్లీ దాన్ని ఎవరూ చెరపలేదు.

మూడేళ్లుగా వాన చూడని మనుషులు వాళ్లు. సమ్మెటలు కింద పెట్టి ఒక్కొక్కరే వచ్చి ఆ గుంటల్లో వేలు పెట్టి చూశారు. ఎవరూ తోసుకోలేదు. నీరుగంటి భార్య గంపతో నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగింది. చూపుడు వేలు ఒక చినుకులో పెట్టి, "ఈ వాన మన మీద పడకపాయె" అంది. నేనూ వేలు పెట్టాను. రాయి ఎండకు కాలుతోంది.

ఆ రాత్రి నేను రాసిన వార్తలో సగం కరువు పని, సగం ఆ వాన. అచ్చయిన దాంట్లో కరువు పని మాత్రం ఉంది. ఎన్ని గజాల బాట అయిందో రాయలేదేమని పై ఆఫీసు నుంచి కార్డు వచ్చింది.

తర్వాతి సంగతులు నాకు విడివిడిగా తెలిశాయి. ఎండాకాలం ముదిరాక గడ్డి కోసం ఊరి గొడ్లను నల్లమల అడవికి తోలారు. గొడ్లతో పోయినవాళ్లలో నీరుగంటి ఒకడు. నాలుగు నెలలు అక్కడే. ఈలోగా తిప్ప మీద పని సాగింది. సాళ్ల బండలు కంకరకు పనికిరావు, పలుచన. ఓవర్సీయరు వాటిని పక్కన పడేయించేవాడు. మొదట ఎవరో ఒక ఇల్లాలు ఒక బండ ఇంటికి తెచ్చుకుని బట్టలుతికి చూసింది. గాడుల్లో నురుగు నిలవదు, గట్ల మీద మురికి వదులుతుంది, తడిలో కాలు జారదు. పది రోజుల్లో ఊరంతా సాళ్ల బండ కావాలనింది. కుప్పలో ఉన్నవి అయిపోయాయి. అప్పటికి మిగిలింది అంచున ఉన్న పట్టీ.

వాళ్లెవరూ ఒప్పందం తప్పినామని అనుకోలేదు. ముట్టగూడదన్నది అంచు గోడను, గోడ నిలిచే ఉంది. తెల్లరాయి ఒక్క పెళ్ల కూడా ఎవరూ తీయలేదు. దాని మీది చెక్కు మాత్రం ఇంటికొక్కటే చొప్పున లేపుకున్నారు. ఇంటికొక్కటే అన్న కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. సాయిబు తిప్ప ముక్కు కొన నుంచి మొదలుపెట్టి, రెండేసి మూరల బండ ఒక్కొక్కటి వరసగా కిందికి లేపుకుంటూ వచ్చాడు. ఏట్లో నీళ్లు చూసి నాలుగో ఏడు. చంకబిడ్డలు ఏరంటే ఇసుకే అనుకునేవాళ్లు.

నీరుగంటి అడవి నుంచి దిగివచ్చి గట్టు మీద నిలబడితే నల్లగీత సగం దాకా ఉంది. ఆపైన లేదు. గిట్ట లేదు. ఇంటికి పోతే ఆయన గడపలోనే ఒక సాళ్ల బండ పరిచి ఉంది. పక్కన పెరట్లో గిట్ట గుంట ఉన్న బండ, గుంటలో నీళ్లు, చుట్టూ కోళ్లు. ఇంటికొకటే అన్న కట్టుబాటును ఆయన భార్య కొంచెం సడలించుకుంది. గడప బండ లోపలి కుప్పలోదని, కట్టుబాటుకు ముందుదని, అది లెక్కలోకి రాదని ఆమె వాదం.

"గిట్ట బండే తెస్తివా మే" అన్నాడట.

"కోళ్లకు పనికొస్తాదని తెస్తి. నువ్వు అడివిలో కూసుంటివి, ఈడ ఎవురుండారు అడగను?"

"ఏరొస్తే?"

"రానీ. వస్తే నేనే ఎదురుబోయి దండం పెడతా."

మూడు రోజులు ఆయన అన్నం తినలేదని సాయిబు నాకు చెప్పాడు. తాను పోయి కాళ్లు పట్టుకుంటే, "నువ్వేం చేస్తావప్పా, బండ లేపడం నీ పని" అన్నాడట.

ఆ ఏడు వానాకాలం చివర్లో కర్నూలు రాజధాని కాబోతున్నదని పత్రికల నిండా అదే వార్త. డేరాలు లేస్తున్నాయి, కచేరీలకు ఇళ్లు వెతుకుతున్నారు, వెంటనే కర్నూలు పోయి రాయమని నాకు తంతి వచ్చింది. బస్టాండులో ఒక లారీ డ్రైవరు తాడిపత్రి దగ్గర పెన్న పారుతున్నదని చెప్పాడు. కర్నూలుకు ఒకటి రెండు పూటలు ఆలస్యంగా చేరినా రాజధాని ఎక్కడికీ పోదనుకుని ఆ ఊరి దారి పట్టాను.

నేను చేరిన సాయంత్రానికే పెన్న పారుతోంది. ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్లు పసుపు, కుంకుమ నీళ్లలో వదులుతున్నారు. పిల్లలు నీళ్లలోకి దిగడానికి భయపడి ఏడుస్తున్నారు. నడుమ తిప్ప ఉంది, చుట్టూ ఎర్రటి నీళ్లున్నాయి. రాళ్లాయన మాట నాకు గుర్తొచ్చింది. దీవి. మేకలు ఒడ్డున నిలబడి దాని వైపు చూస్తున్నాయి.

తెల్లారేసరికి నీళ్ల రంగు మారింది. మబ్బు తునక లేని ఆకాశం. మా మీద ఒక్క చినుకు పడలేదు. ఎక్కడో మైసూరు దిక్కున కురిసిన వాన అది. కొట్టుకొచ్చిన తుమ్మచెట్లు వేళ్లు పైకెత్తి పోతున్నాయి. శబ్దం ఎక్కువ లేదు. ఒకే ఒక పొడుగాటి ఊపిరి లాగా ఉంది. అంత నీరు, అంత నెమ్మదిగా, ఎవరితోనూ పని లేనట్టు పోతుంటే గట్టు మీద మాట్లాడేవాళ్లు గొంతు తగ్గించారు.

నీరుగంటి గట్టు మీద గొంతుకూర్చుని ఉన్నాడు. నీటి అంచు నల్లగీత వెంబడి నడుస్తోంది. నేను రాళ్లను ఎన్నో చూశాను గాని, రాయి చదవడం అప్పుడే చూశాను. సద్ది తాగే వేళకు గీతలో సగానికి సగం మునిగింది. ఇంకాసేపటికి గీత అయిపోయింది. ఆ తర్వాత ఉన్నదంతా ఒకే తెల్లగోడ. నీళ్లు దాని మీద ఎక్కడున్నాయో తెలుస్తోంది, ఎక్కడికి పోతే భయమో తెలియడం లేదు.

"లేయండి" అన్నాడాయన.

దిగువ వీధివాళ్లు కదల్లేదు. ఒకరు గిట్ట ఇంకా శానా పైన ఉండేదన్నారు. ఇంకొకరు కాదు, గీత తెగిన చోటికి దగ్గర్లోనే అన్నారు. ఎవరి గుర్తు వాళ్లది. ఒక పెద్దాయన నవ్వుతూ, మూడేండ్లు నిద్దరపోయిన ఏరు ఈ పొద్దే మనల్ని మింగుతుందా, కుండల్లో గింజలున్నాయి, పొయ్యి మీద సంగటి ఉంది, ఉడకనీ అన్నాడు. గింజలు దొరకని మూడేళ్ల తర్వాత కుండలో పడ్డ గింజలవి. వాటిని వదిలి గట్టెక్కమంటే ఎవరికైనా కష్టమే. ఊరికే లేపితే ఇంకోసారి ఈ ముసలాయన మాట ఎవరూ వినరు. లేపకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

అప్పుడాయన భార్య వైపు తిరిగాడు.

"మన బండ తర్వాత ఎవురెవురు తెచ్చుకునిరి?"

ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ముందర సాయిబుకు తెలిసింది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని, "బండలు పైనుంచి వరసగా లేపితి గదా మామా. గిట్ట బండ తర్వాత లేపినవే దానికీ గీతకూ నడుమ ఉండేది" అన్నాడు.

బండలు ఎన్నో తెలిస్తే దూరం తెలిసినట్టే. ఆడవాళ్లంతా ఒక్కసారి మాట్లాడారు. ఆ వరస వాళ్లకు తాళి కట్టించుకున్న రోజంత బాగా గుర్తుంది. ఎవరు ఎవరిని దాటి పోబోయారో, ఎవరు ఎవరి బండకు వంక పెట్టారో, ఎవరి మొగుడు గడారి జారి కాలు కొట్టుకున్నాడో అన్నీ బయటికొచ్చాయి. వేళ్లు మడిచి లెక్క వేశారు. ఎనిమిది ఇళ్లు. సాయిబు కూడా తల ఊపాడు.

"ఎనిమిది బండలు, పదారు మూరలు" అన్నాడు నీరుగంటి.

ఆ ఎనిమిది ఇళ్లలో రెండు ఒకే ఇంటి తోడికోడళ్లవి. వేరుపడి అప్పటికి ఏడాదైంది. వాళ్లలో చిన్నామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెద్దామె ఆమె వైపు చూడకుండానే చెప్పింది.

"మాది ఒకటే బండ పెద్దప్పా. నాకంటే నాకని కొట్టుకుంటిమి. సాయిబన్న రెండు తునకలు చేసిచ్చినాడు."

ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. సాయిబు ముఖం పాలిపోయింది.

"ఏడు" అన్నాడు నీరుగంటి. "పద్నాలుగు మూరలు."

గోడ మీద గుర్తు ఏముంది? ఎత్తకుండా వదిలేసిన కంకర కుప్ప ఒకటి మాత్రం ఉంది. ఆఖరి బండ లేపిన చోటి నుంచి కుప్ప కాలు దాకా పన్నెండు మూరలని, కుప్ప పోయడానికి తానే కొలిచానని సాయిబు అన్నాడు. అంటే కుప్ప కాలు తడిస్తే గిట్టకు ఇంక ఒక్క బండ దూరం. నీళ్లు అప్పటికే గీత తెగిన చోటు దాటి ఐదారు మూరలు నడిచాయి.

ఆయన కేక వేయలేదు. లేచి నిలబడి, మామూలు గొంతుతో, కుప్ప కాలు తడిసేలోగా వీధి ఖాళీ కావాలని చెప్పాడు. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎందుకంటే ఆ కొలత ఆయనొక్కడిది కాదు, అందరి వాకిళ్లలో పరిచి ఉన్నది. ఇందాక నవ్విన పెద్దాయన అందరికంటే ముందు గింజల కుండ నెత్తిన పెట్టుకున్నాడు. గొడ్లు, మేకలు, దంతెలు, తిరగలిరాళ్లు, బాలింత ఒకామె మంచంతో సహా గట్టెక్కారు. తోడికోడళ్లిద్దరూ సంగటి కడవను చెరో వైపు పట్టుకుని వచ్చారు. అప్పుడు కూడా మాట్లాడుకోలేదు.

కుప్ప కాలు తడిసింది. చూస్తుండగానే కుప్ప మొత్తం కూలి నీళ్లలో కలిసింది. ఇంకో గడియకు ఎర్రటి నీటి నాలుక దిగువ వీధి మొదట్లోకి వచ్చింది. మొదట అది కుక్కపిల్లలాగా వాకిలి వాకిలికీ ఆగుతూ వచ్చింది. మధ్యాహ్నానికి వీధి లేదు. మిద్దెలు ఒక్కొక్కటి మెత్తగా కూర్చుండిపోయాయి. పెద్ద చప్పుడేమీ కాలేదు, దుమ్ము కూడా లేవలేదు. నీరుగంటి మునిగిపోతున్న తిప్పను చూస్తూ కూర్చున్నాడు. గిట్ట ఉండాల్సిన చోటు ఎప్పుడు తడిసిందో ఆయనకు తెలిసి ఉండాలి. తల ఒకసారి ఊపాడు.

ఒక్క మనిషి పోలేదు. పదకొండు ఇళ్లు పోయాయి. కర్నూలు చేరి నేను రాసిన వార్త నాలుగు పంక్తులకు కుదించుకుపోయి, రాజధాని డేరాల కింద, పెన్నకు నీరు అన్న శీర్షికతో వచ్చింది. నా రోజుల్లో నేను పడ్డ కష్టానికి, వచ్చిన పంక్తులకు ఎప్పుడూ పొంతన లేదు. అందుకు నాకిప్పుడు విచారం లేదు. ఆ వార్తలో రాయలేనివి ఇవి.

మూడో రోజు నీళ్లు తీశాయి. నేనింకా ఊళ్లోనే ఉన్నాను. దిగువ వీధిలోకి నీరుగంటి, ఆయన భార్య, నేను పోయాం. వాళ్ల ఇల్లూ ఆ వీధిలోదే. గోడలు నిలిచాయి, మిద్దె ఒక మూల జారింది. గడపలో సాళ్ల బండ ఉన్నచోటే ఉంది. సగం వరకు దాని మీద సన్నటి ఒండ్రు పేరుకుంది. ఆ ఒండ్రు మీద సాళ్లున్నాయి. రాతి సాలు ఎక్కడ ఆగిందో అక్కడ ఇసుక సాలు మొదలవుతోంది. ఎడం ఒకటే, వంపు కూడా ఇంచుమించు ఒకటే. ఏది మొన్నటిదో, ఏది కన్నులు పుట్టకముందటిదో వేలుతో తడిమితే గాని తెలియదు.

ఆమె చీపురు ఎత్తింది.

"ఉండు మే. ఊడ్చొద్దు."

"ఎంతసేపు?"

"రాళ్లాయన చెప్పినంతసేపేమీ వద్దులే."

ఆమె చీపురు ఆనించుకుని నిలబడింది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత తానే పక్కకు జరిగాడు, ఆమె ఊడ్చేసింది.

పెరట్లో గిట్ట బండ బురదలో కూరుకుని ఉంది. దాన్ని తీసుకుపొమ్మని ఆమే చెప్పింది. ఏట్లో పాయ మోకాటి లోతుకు తగ్గాక సాయిబు, నీరుగంటి దాన్ని మోకుతో మోసుకుని తిప్ప మీదికెక్కారు, నేను వెనకే ఎక్కాను. గీత తెగిన చోటి నుంచి పద్నాలుగు మూరలు కొలిచి అక్కడ పరిచారు. బండ కుదురుగా కూర్చోలేదు, కొంచెం ఊగింది. సాయిబు దాని కింద చెయ్యి పెట్టి తడిమి, "కింద తెల్లరాయికి కూడా సాళ్లుండాయి మామా" అన్నాడు. బండ అడుగున గట్లు, తెల్లరాతిలో గాడులు. ఇద్దరూ కలిసి బండను ముక్కు వైపుకు కొద్దికొద్దిగా జరిపారు. జానెడు జరిగిందో లేదో, లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది. బండ ఇంక ఊగలేదు. నేను పైకెక్కి నిలబడ్డాను, గెంతి చూశాను. తిప్పలో కలిసిపోయినట్టు ఉంది. ఏ అల మీద ఏ అల వచ్చి పడిందో ఆ అల మీదికే అది మళ్లీ చేరింది. ఆడవాళ్లు వేళ్ల మీద వేసిన లెక్కకు, ఆ సముద్రం వేసిన లెక్కకు తేడా ఒక్క జానెడు.

సాయిబు సందుల్లో సున్నం కూరాడు. నీరుగంటి ఒడ్డుకు పోయి, గట్టెక్కి, గొంతుకూర్చుని తిప్ప వైపు చూశాడు. నొక్కు కనబడుతోందని చెయ్యి పైకెత్తాడు.

తక్కిన బండలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. బట్టలుతికే బండలు ఇళ్లలోనే ఉన్నాయి. మేం తిరిగి వచ్చేసరికి ఆయన భార్య కోళ్లకు పగిలిన కడవ అడుగులో నీళ్లు పోస్తోంది.